తెర మీద పాఠం... అయిదు నిమిషాల్లో!

కంప్యూటర్ తెర మీదో ఫోన్ తెర మీదో జరుగుతున్న పనిని, పక్కన ఒకరు వివరిస్తుండగా, జరిగింది జరిగినట్టు వీడియోగా పట్టి ఉంచడమే స్క్రీన్ రికార్డింగ్. దీనికి కెమెరా అక్కర్లేదు, లైట్లు అక్కర్లేదు, చెప్పేవారి ముఖం కూడా కనిపించనక్కర్లేదు. ఊళ్ళో ఉన్న తండ్రికి ఫోన్‌లో కరెంటు బిల్లు ఎలా కట్టాలో హైదరాబాద్ నుంచి కొడుకు చెప్పాలి. ఆఫీసులో కొత్తగా చేరిన ఉద్యోగికి ఎక్సెల్‌లో జీతాల పట్టిక వేయడం సీనియర్ నేర్పాలి. ‘పైన కుడివైపు చూడండి నాన్నా... అది కాదు, ఇంకా పైన’ అంటూ అరగంట ఫోన్లో గొంతు చించుకునే బదులు మూడు నిమిషాల వీడియో పంపితే ఇద్దరికీ సుఖం. అర్థంకాని చోట ఆపుకోవచ్చు, వెనక్కి వెళ్ళొచ్చు, వచ్చే నెల బిల్లు కట్టేటప్పుడు మళ్ళీ చూసుకోవచ్చు.

ఈ పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ చాలా కంప్యూటర్లలో, ఫోన్లలో ముందే ఉంది. రికార్డు బటన్ నొక్కడం ఎవరికైనా వచ్చు. నొక్కే ముందు ఏం చేసుకోవాలన్న దగ్గరే పాఠం బాగుపడటమో చెడటమో జరుగుతుంది. నలభై నిమిషాలు సాగి, అందులో సగంసేపు మెనూల్లో దేనికోసమో వెతుక్కునే వీడియోలన్నీ ఆ ముందు పని ఎగ్గొట్టి చేసినవే.

గోడ మీద చీమ

మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగు రాసుకోవడానికి మూడు బైట్లు కావాలి. సెకనుకు 30 బొమ్మల చొప్పున వాటన్నిటినీ యథాతథంగా దాచుకుంటూ పోతే సెకనుకు 186 ఎంబీ, నిమిషానికి 11 జీబీకి పైగా అవుతుంది. ఆ లెక్కన మూడు నిమిషాల పాఠం పెన్‌డ్రైవ్‌లో పట్టడమే కష్టం. నిజానికి తయారయ్యే ఫైలు కొన్ని పదుల ఎంబీలు దాటదు. 2003లో ప్రమాణంగా వచ్చిన హెచ్.264 లాంటి కోడెక్‌ల (వీడియోను కుదించే పద్ధతుల) పనితనమది. అవి అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మను దాచి, మధ్యలో మాత్రం మారిన భాగాన్నే రాసుకుంటాయి. గోడ మీద చీమ పాకుతుంటే ప్రతిసారీ గోడంతా గీయక్కర్లేదు కదా, చీమ కదిలిన మేర గీస్తే చాలు.

పాఠం చెప్పేవారికి దీనివల్ల రెండు సంగతులు తెలియాలి. తెర మీద కదలిక తక్కువ కాబట్టి సెకనుకు 15 బొమ్మలు చాలు, 30, 60 అక్కర్లేదు. అలాగే పేజీని గబగబా పైకీ కిందికీ జరిపితే గోడంతా మారిపోయినట్టే. కోడెక్ ఉక్కిరిబిక్కిరై అక్షరాలు అలుక్కుపోతాయి. రంగుల విషయంలోనూ ఇలాంటి పొదుపే ఉంది. చాలా వీడియో ఫైళ్ళలో వెలుగునీడలను ప్రతి చుక్కకూ దాస్తారు గానీ రంగును నాలుగు చుక్కలకు ఒకసారే దాస్తారు. తెల్లటి కాగితం మీద నల్ల అక్షరం స్ఫుటంగా ఉండి, నీలం మీద పెట్టిన ఎర్రటి సన్న అక్షరం ముద్దగా కనిపించడానికి కారణమిదే.

పేరు తర్వాత పుట్టింది

లోటస్ సంస్థ స్క్రీన్‌క్యామ్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1990ల మొదట్లోనే తెచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన టెక్‌స్మిత్ ఆ తర్వాత క్యామ్‌టేసియాను విడుదల చేసింది. పని నడుస్తోంది గానీ, దాన్ని ఏమని పిలవాలో ఎవరికీ తెలియదు. ఇన్ఫోవరల్డ్ పత్రికలో శీర్షిక నడిపే జాన్ యుడెల్ 2004లో పాఠకులనే పేరు సూచించమని అడిగాడు. వచ్చిన వాటిలోంచి ‘స్క్రీన్‌కాస్ట్’ను ఎంచుకున్నాడు. 2005 జనవరిలో ఆయనే వికీపీడియాలోని ఒకే ఒక్క వ్యాసం రోజురోజుకీ ఎలా మారుతూ వచ్చిందో తెర మీద చూపిస్తూ, వ్యాఖ్యానం జోడించి ఓ వీడియో చేశాడు. తెరను పట్టి చూపడంతోనే ఒక కథ చెప్పవచ్చని ఆ వీడియో చూసినవారికి అర్థమైంది.

దాదాపు అదే కాలంలో సల్మాన్ ఖాన్ (హిందీ హీరో కాదు, బోస్టన్‌లో పనిచేస్తున్న బంగ్లాదేశీ మూలాల అమెరికన్) దూరాన ఉన్న తన బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. అది 2004. వేరే పిల్లలూ అడగడంతో 2006 నుంచి పాఠాలను యూట్యూబ్‌లో పెట్టాడు. నల్లని తెర, దానిమీద రంగురంగుల చేతిరాత, వెనక ఆయన గొంతు. అంతకు మించి ఏమీ లేదు. పిల్లలకు అది పక్కన కూర్చుని కాగితం మీద గీసి చెప్పినట్టే ఉండేది. ఖాన్ అకాడమీ పుట్టింది ఆ తెర మీదనుంచే.

2007లో టెక్‌స్మిత్ సంస్థే జింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. అందులో అయిదు నిమిషాలు కాగానే రికార్డింగ్ ఆగిపోయేది. అప్పట్లో దాన్ని లోపంగా చూసినవారే ఎక్కువ. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్‌లోని గొప్ప సుగుణం ఆ గడువే. అయిదు నిమిషాల్లో ముగించాలంటే ఒక్క పనే చెప్పాలి, దాన్నీ ముందే ఆలోచించుకుని చెప్పాలి. తర్వాత జరిగిన పరిశోధనలూ ఆ వైపే మొగ్గాయి. ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో విద్యార్థులు వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నిమిషాల లోపు వీడియోలనే జనం శ్రద్ధగా చూస్తున్నారని అందులో తేలింది. దాంట్లోనే ఇంకో మాట కూడా ఉంది: ఉపన్యాసాన్ని మొదటి నుంచి చివరి దాకా చూస్తారు, పని నేర్పే వీడియోలో మాత్రం కావాల్సిన చోటికి దూకుతారు, అదే ముక్కను మళ్ళీ మళ్ళీ చూస్తారు. కాబట్టి ఎక్కడ ఏముందో వీడియోలో వెంటనే తెలిసిపోవాలి.

ఈ తెర పాఠాల పద్ధతిని మన దేశంలో ఒక శాస్త్రంలా మలిచింది ఐఐటీ బొంబాయి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ ప్రాజెక్టు. కెమికల్ ఇంజినీరింగ్ ఆచార్యుడు కన్నన్ మౌద్గల్య నడిపించిన ఈ ప్రాజెక్టుకు కేంద్ర మానవ వనరుల శాఖ నిధులిచ్చింది. లిబ్రే ఆఫీస్, సైలాబ్, పైథాన్, లైనక్స్... ఇలా ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ల మీద పది నిమిషాలకు అటూఇటూగా ఉండే పాఠాలు తయారు చేశారు. టీచర్ అందుబాటులో లేకున్నా ఎవరికివారు నేర్చుకునేలా వాటిని రూపొందించారు. తెర మీద ఒక పక్క పాఠం, మరో పక్క సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, పాఠంలో చూపింది చూపినట్టే చేస్తూ పోవాలి. ముందు స్క్రిప్టు రాస్తారు. ఆ విషయం ఏమాత్రం తెలియని ఒకరి చేత దాన్ని చదివించి, అది చూస్తూ వాళ్ళు పని చేయగలిగితేనే రికార్డింగ్‌కు వెళ్తారు. తర్వాత అదే వీడియోకు తెలుగుతో సహా భారతీయ భాషల్లో గొంతు జోడిస్తారు. తెర ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, చెప్పే మాట మాత్రం సొంత భాషలో వినిపిస్తుంది. నేర్చుకునే పిల్లవాడి కంప్యూటర్‌లోనూ మెనూలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కనుక అది సరైన నిర్ణయం.

ఇంట్లో ఉన్న పనిముట్లు

విండోస్ 11లో స్నిపింగ్ టూల్ ఉంది. ఒకప్పుడు తెర ఫొటో తీయడానికే పనికొచ్చిన ఈ టూల్ ఇప్పుడు వీడియో కూడా తీస్తుంది. విండోస్ మీట, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కి, తెర మీద కావాల్సిన మేర గీత గీస్తే అంతవరకే రికార్డవుతుంది. విండోస్ 10 వాడేవారికి గేమ్ బార్ ఉంది. విండోస్ మీట, ఆల్ట్, ఆర్ నొక్కితే మొదలవుతుంది. అయితే అది ఒక ప్రోగ్రామును పడుతుందే తప్ప డెస్క్‌టాప్‌ను, ఫోల్డర్లు చూపే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌ను పట్టదు. ఫైళ్ళు సర్దుకోవడం నేర్పుదామనుకున్నవారు ఇక్కడే బోల్తా పడతారు.

ఆపిల్ మ్యాక్‌లలో 2018 నాటి మొహావీ నుంచి షిఫ్ట్, కమాండ్, 5 నొక్కితే సరిపోతుంది. ఐఫోన్‌లో 2017లో ఐఓఎస్ 11తో, ఆండ్రాయిడ్‌లో 2020లో 11వ వెర్షన్‌తో రికార్డర్ లోపలే వచ్చేసింది. ఆండ్రాయిడ్ రికార్డర్‌లో ‘తెర మీద తాకిన చోటు చూపించు’ అన్న వీలును తప్పక ఆన్ చేయాలి. ఫోన్‌లో బాణం గుర్తు ఉండదు కాబట్టి, వేలు ఎక్కడ పడిందో చూసేవారికి తెలియాలంటే ఆ తెల్లటి చుక్కే దిక్కు.

ఇంతకంటే ఎక్కువ కావాలంటే ఓబీఎస్ స్టూడియో ఉంది. 2012లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. మూలలో చిన్న గడిలో ముఖం, రెండు మైకుల గొంతులు, ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యానికి మారడం అన్నీ చేస్తుంది. బిల్లు కట్టే పాఠానికి మాత్రం ఇది దోమను కొట్టడానికి గదలాంటిది.

‘అమ్మ’ అని కొడితే...

ఒక పాఠాన్ని దగ్గరగా చూస్తే పని అర్థమవుతుంది. విండోస్‌లో తెలుగు టైపింగ్ తీసుకుందాం. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయగల ‘తెలుగు ఫొనెటిక్’ కీబోర్డును మైక్రోసాఫ్ట్ 2019 మేలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌లో, మరో తొమ్మిది భారతీయ భాషలతో కలిపి, ఇచ్చింది. కానీ తెలుగును భాషల జాబితాలో చేర్చినంత మాత్రాన ఈ కీబోర్డు రాదు. మామూలుగా వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. అందులో ‘అమ్మ’ రాద్దామని ఎ, ఎం, ఎం, ఎ మీటలు కొడితే మధ్యలో రెండు ‘స’లు, అటూ ఇటూ ఓత్వాలు తెర మీద తేలతాయి. చాలామంది అక్కడితో విసిగి వదిలేస్తారు. పాఠం విప్పాల్సిన ముడి సరిగ్గా అదే.

ఇప్పుడు స్క్రిప్టు. కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి ఎడమ వైపు తెర మీద చేసే పని, కుడివైపు నోటితో చెప్పే మాట రాసుకోవాలి. మొదటి ప్రయత్నంలో చాలామంది ఇలా రాస్తారు: ‘అందరికీ నమస్కారం, ఈ రోజు మనం ఎంతో ఉపయోగకరమైన ఒక విషయం తెలుసుకుందాం, ముందుగా సెట్టింగ్స్‌కి వెళ్ళి ఇక్కడ క్లిక్ చేయండి, తర్వాత ఇక్కడ...’ ఈ ‘ఇక్కడ’ అన్న మాట తెర పాఠానికి పెద్ద శత్రువు. చూసేవాడు ఆ క్షణంలో తన కీబోర్డు వైపు చూస్తుంటే ‘ఇక్కడ’ ఎక్కడో తెలియదు. దాన్నే ఇలా మార్చవచ్చు: ‘అమ్మ అని కొడితే పిచ్చి అక్షరాలు వస్తున్నాయా? ఒక కీబోర్డు చేర్చుకుంటే సరిపోతుంది. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి సెట్టింగ్స్ నొక్కండి. ఎడమ పక్క వరుసలో టైమ్ అండ్ లాంగ్వేజ్ ఉంటుంది.’ మొదటి వాక్యంలోనే చూసేవాడి బాధ వచ్చేసింది. ప్రతి అడుగులోనూ వస్తువు పేరూ, అది ఉన్న చోటూ ఉన్నాయి.

ఇక మిగతా అడుగులు చకచకా సాగుతాయి. లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో తెలుగు చేర్చడం, తెలుగు పక్కన మూడు చుక్కలు నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరవడం, యాడ్ ఎ కీబోర్డ్ నొక్కి తెలుగు ఫొనెటిక్ ఎంచుకోవడం, చివరగా విండోస్ మీటతో స్పేస్ బార్ నొక్కి కీబోర్డు మార్చడం. నోట్‌ప్యాడ్‌లో మళ్ళీ అదే ‘అమ్మ’ కొట్టి, ఈసారి సరిగ్గా పడటం చూపిస్తే పాఠం అయిపోయినట్టే. ఫాంట్లు మార్చడం, పాత అను ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌కి మార్చడం వగైరాలు ఎంత నోరూరించినా వేరే వీడియోలకు వదిలేయాలి.

మెనూ పేర్లను తెలుగు చేయాలా అన్న తర్జనభర్జన ఇక్కడ వస్తుంది. ‘అమరికలు’ అని చక్కటి మాట ఉన్నా, తెర మీద ఇంగ్లిష్‌లో సెట్టింగ్స్ అని కనిపిస్తుంటే ఆ మాటే పలకాలి. ఫోన్ భాష తెలుగులో పెట్టుకున్నవారికి చేసే వీడియోలో మాత్రం తెర మీద కనిపించే తెలుగు మాటే వాడాలి. చెవికి వినపడిందీ కంటికి కనపడిందీ ఒక్కటైతేనే చూసేవాడు తడబడడు. చెప్పడం, చూపడం ఒకేసారి జరగాలనేది విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ 2001 నాటి తన ‘మల్టీమీడియా లెర్నింగ్’ పుస్తకంలో వివరించిన సూత్రాల్లో ఒకటి. తెర మీద వాక్యాలు పరిచి వాటినే బిగ్గరగా చదవడం నేర్చుకోవడానికి అడ్డమని కూడా ఆయన అన్నాడు. పవర్‌పాయింట్ చదివి వినిపించేవారికి ఈ మాట ఎందుకో ఇప్పటికీ చేరలేదు.

బటన్ నొక్కే ముందు

వీడియో చూసేవారిలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు. పదిహేను అంగుళాల తెర ఆరంగుళాల్లోకి కుదించుకుపోతే అక్షరాలు చీమ తలకాయలవుతాయి. అందుకే రికార్డింగ్‌కు ముందు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ను 150 శాతానికి పెంచుకోవాలి. బ్రౌజర్‌లో కంట్రోల్, ప్లస్ నొక్కి పేజీని పెద్దది చేసుకోవాలి. మధ్యలో ఒకే బటన్‌ను దగ్గరగా చూపాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే జూమ్‌ఇట్ ఉంది. కంట్రోల్, 1 నొక్కితే తెర పెద్దదవుతుంది. కంట్రోల్, 2 నొక్కితే దానిమీద గీతలు గీయవచ్చు.

తర్వాత శుభ్రం చేయాలి. డెస్క్‌టాప్ మీద చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్ళు, అడ్రస్ బార్‌లో అక్షరం కొట్టగానే బయటపడే పాత వెతుకులాటలు, మూలలోంచి తొంగిచూసే వాట్సాప్ సందేశాలు... ఇవన్నీ వీడియోలోకి వెళ్ళిపోతాయి. డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోవాలి. పాఠాల కోసం కంప్యూటర్‌లో వేరే యూజర్ ఖాతా తెరిచి పెట్టుకుంటే ఇంకా మంచిది. డబ్బు కట్టే పాఠాల్లో మరింత జాగ్రత్త కావాలి. చాలా బ్యాంకు యాప్‌లు తమ తెరను రికార్డు కానివ్వవు, వీడియోలో ఆ భాగం నల్లగా వస్తుంది. అది ఫోన్ చెడిపోవడం కాదు, యాప్ వేసుకున్న తాళం. ఆ తాళం లేని యాప్‌లలో ఖాతా నంబర్, ఓటీపీ పడే చోటుకు ముందే రికార్డింగ్ ఆపి, తర్వాతి మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, గొంతు సరిగ్గా వినపడకపోతే ఓర్చుకోరు. ల్యాప్‌టాప్‌లోని మైకు దూరంగా ఉండి ఫ్యాన్ హోరును, కీబోర్డు టకటకలను కూడా పట్టేస్తుంది. ఫోన్‌తో వచ్చిన మామూలు ఇయర్‌ఫోన్ మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది గనుక దానికంటే నయం. ఫ్యాన్ ఆపి, తలుపు వేసుకోవాలి. కర్టెన్లు, పరుపు ఉన్న పడకగది ఖాళీ హాలు కంటే బాగా పనికొస్తుంది. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. వంటింట్లో కుక్కర్ విజిల్ లెక్క కూడా ముందే కనుక్కోవడం మంచిది.

రికార్డు చేస్తుండగా బాణం గుర్తుకు పని లేనప్పుడు కదలకూడదు. మాట్లాడుతూ మౌస్‌ను గుండ్రంగా తిప్పే అలవాటు చాలామందికి ఉంటుంది, చూసేవారి కళ్ళు దాని వెనకే తిరుగుతాయి. ముందు పేరు చెప్పాలి, తర్వాత బాణాన్ని అక్కడికి తీసుకెళ్ళాలి, ఒక క్షణం ఆగి క్లిక్ చేయాలి. తప్పు దొర్లితే రికార్డింగ్ ఆపనక్కర్లేదు. రెండు సెకన్లు మౌనంగా ఉండి, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చెబితే చాలు. కత్తిరించేటప్పుడు ఆ మౌనం ధ్వని గీతలో ఖాళీగా కనిపించి, ఎక్కడ కోయాలో చెబుతుంది. మాటా పనీ ఒకేసారి కుదరనివారు ముందు తెరను మాత్రం రికార్డు చేసి, ఆడియోను తర్వాత విడిగా జోడించుకోవచ్చు.

కరెంటు పోతే

మధ్యలో కరెంటు పోయినా, కంప్యూటర్ ఆగిపోయినా ఎంపీ4 ఫైలుకు ముప్పు. బొమ్మలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే విషయసూచిక లాంటి భాగాన్ని మామూలు ఎంపీ4 రికార్డింగ్ ముగిశాకే రాసుకుంటుంది. అది రాయకముందే ఆగితే లోపల అంతా ఉన్నా ఫైలు తెరుచుకోదు. ఎంకేవీ ఫైలుకు ఆ చిక్కు లేదు, ఆగిన చోటు దాకా భద్రంగా ఉంటుంది. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేనివారు ఓబీఎస్‌లో ఎంకేవీ ఎంచుకుని, పని పూర్తయ్యాక ఫైల్ మెనూలోని రీమక్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు. మార్చడానికి కొన్ని సెకన్లే పడుతుంది, నాణ్యత తగ్గదు.

ఎడిటింగ్ ఎంత తక్కువైతే అంత మేలు. మొదట్లో బటన్ నొక్కిన తడబాటు, చివర ఆపడానికి వెతుక్కున్న క్షణాలు, మధ్యలో తప్పులు, పేజీ తెరుచుకునే దాకా ఎదురుచూపు... ఇవి కోసేస్తే సరిపోతుంది. విండోస్ 11లో ఉన్న క్లిప్‌చాంప్, మ్యాక్‌లో క్విక్‌టైమ్ ఈ కత్తిరింపులకు చాలు. తిరిగే లోగోలు, వెనక వీణానాదం ఎందుకూ కొరగావు.

వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మరోసారి కుదించేస్తుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. అదే ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. 2022 నుంచి 2 జీబీ దాకా ఫైళ్ళను అలా పంపుకునే వీలుంది. పదిమందికి మించితే యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’గా పెట్టి లింకు ఇవ్వవచ్చు, లింకు లేనివారికి వెతికినా దొరకదు. వీడియో కింద వివరణలో 0:00 నుంచి మొదలుపెట్టి ఏ నిమిషం దగ్గర ఏముందో రాస్తే, ఒక మెట్టు దగ్గర ఆగిపోయినవారు నేరుగా అక్కడికే వెళ్తారు.

తెర పాఠాలకు ఆయుష్షు తక్కువ. ఒక అప్‌డేట్ రాగానే బటన్ కుడి నుంచి ఎడమకు జరుగుతుంది, పేరు మారుతుంది. వీడియోలు దాచే పద్ధతులూ పాతబడతాయి. జింగ్ తన వీడియోలను ఫ్లాష్ ఫైళ్ళుగా దాచేది. 2020 చివరికి అడోబీ ఫ్లాష్‌కు మంగళం పాడటంతో బ్రౌజర్లలో అవి తెరుచుకోవడం మానేశాయి. ఎంపీ4లోకి మార్చుకున్నవే మిగిలాయి. అందుకే ఫైలు పేరులోనే విండోస్ వెర్షన్, నెల, సంవత్సరం ఉండాలి. రెండు గళ్ళ స్క్రిప్టు కాగితాన్ని పారేయకూడదు. మెనూలో ఒక్క పేరు మారితే ఆ గడిలో ఒక్క వాక్యం దిద్దుకుని, ఫ్యాన్ ఆపి, అరగంటలో కొత్త వీడియో తీసేయవచ్చు.